అర సూతు తేడా

పోయిన నెల ఖరగ్‌పూర్‌లో మా ఝపటాపూర్ ఇంట్లో స్నానాల గది గొట్టం పగిలింది. వచ్చిన ప్లంబరు నడివయసు బెంగాలీ మనిషి, చెవుల పక్కన జుట్టు నెరిసింది. టేపు తీసి గోడకి ఆనించి కొలిచాడు. దానికి ఒక అంచున సెంటీమీటర్లు, రెండో అంచున అంగుళాలు ఉన్నాయి. సెంటీమీటర్ల వైపు అతను చూడనైనా లేదు. "మాసీమా, ఆధా ఇంచి పైప్ లగేగా. పురానా వాలా దో సూత్ ఛోటా కటా హై," అన్నాడు. అర అంగుళం గొట్టం వెయ్యాలట. పాత గొట్టాన్ని రెండు సూతులు పొట్టిగా కోసి బలవంతంగా బిగించారట, అందుకే పగిలిందట. నేను బకెట్టు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. సూతు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. మా నాన్న ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో రోజుకి పదిసార్లయినా వినిపించిన మాట. ఆయన పోయాక నా చెవిన పడలేదు, లేదా పడినా నేను విననట్టు ఊరుకున్నాను. ప్లంబరు పని ముగించుకుని వెళ్ళాక కూడా నాకు పొయ్యి దగ్గరికి వెళ్ళబుద్ధి కాలేదు.

మా నాన్న పేరు సన్యాసిరావు. శ్రీకాకుళం వైపు నుంచి పెళ్ళికి ముందే ఖరగ్‌పూర్ వచ్చాడు. మా చుట్టాల్లో అందరికీ రైల్వేలో ఏదో ఒక ఉద్యోగం ఉండేది. నాన్నకి మాత్రం దొరకలేదు. రైల్వేకి చిన్న చిన్న ఇనుప సామాన్లు చేసి ఇచ్చే ఒక కార్ఖానాలో లేతు మిషను మీద టర్నరుగా చేరాడు. కడ్డీని మిషనుకి బిగించి గిరగిరా తిప్పుతూ ఉలి ఆనించి కావలసిన మందానికి చెక్కడం ఆయన పని. సాయంత్రం ఆయన వస్తుంటే మనిషికన్నా ముందు వాసన వచ్చేది. కాలిన ఇనుము, మిషను నూనె, ఉలి వేడెక్కకుండా పోసే సబ్బు నీళ్ళు, అన్నీ కలిసిన వాసన. పెరట్లో కూర్చుని ముందు కిరసనాయిలుతో, తరవాత రంపపు పొట్టుతో, ఆఖర్న శనగపిండితో చేతులు తోముకునేవాడు. ఎంత తోమినా గోళ్ళ చుట్టూ నలుపు పోయేది కాదు. నేను చెంబుతో నీళ్ళు పోసేదాన్ని. అప్పుడే ఆ రోజు ఏం చేశాడో చెప్పేవాడు, పెద్దవాళ్ళతో చెప్పినట్టే చెప్పేవాడు.

ఆయన కొలతలన్నీ వేళ్ళలో ఉండేవి. బొటనవేలి పై కణుపు సరిగ్గా అంగుళం. ఏ వస్తువునైనా రెండు వేళ్ళ మధ్య పెట్టుకుని కళ్ళు మూసుకుని "మూడు సూతులు" అనేవాడు. స్కేలు పెట్టి చూస్తే మూడు సూతులే ఉండేది. నులక మంచం ఊగుతుంటే కోళ్ళ కింద చెయ్యి పెట్టి "ఈ కోడు అర సూతు తక్కువుంది" అని అట్టముక్క మడిచి పెడితే ఊగడం మానేసేది. అమ్మ చపాతీ వత్తుతుంటే "సూతు మందం దాటిపోయింది, ఇది రొట్టి కాదు, దిబ్బరొట్టి" అని నవ్వేవాడు. అమ్మకి కోపం వచ్చేది. "నీ లెక్కలు నీ మిషను కాడ పెట్టుకో. నా పీట కాడ కాదు," అనేది. శనివారం సాయంత్రం మాత్రం ఆయన కాస్త తాగి వచ్చేవాడు. తాగితే గట్టిగా మాట్లాడేవాడు కాదు, మామూలుకన్నా నెమ్మదించేవాడు. అయినా అమ్మకి అది సరిపడేది కాదు. ఆ పూట ఆమె గిన్నెల చప్పుడులోనే అంతా చెప్పేది.

కొత్త కొలతలు మా ఇంట్లోకి ముందు వంటగది దారినే వచ్చాయి. గోల్‌బజార్ కిరాణా దుకాణంలో సేర్లు, పావుసేర్లు, ఛటాకులు పోయి కిలోలు వచ్చాయి. దుకాణందారు పాత తూనికరాళ్ళన్నీ ఒక బస్తాలో వేసి మూల పడేశాడు. అమ్మ చాలా రోజులు అతన్ని నమ్మలేదు. కిలో సేరుకన్నా కొంచెం ఎక్కువేనని నేను చెబితే, "ఎక్కువైతే మరీ అనుమానం. ఊరికే ఎవుడిస్తాడు?" అంది. ఓ వారంపాటు అన్నం ఒక రోజు జావగాను, మరో రోజు పలుకుగాను దిగింది. జాకెట్టు గుడ్డ గజాల్లో అడిగితే మీటర్లలో కోసిచ్చారు, మిగిలిన పేలికతో నాకు రిబ్బన్లు కుట్టింది. పాలవాడు మాత్రం కొన్నాళ్ళు పాత గిన్నెతో కొలిచి లీటరు అనేవాడు. అమ్మ అతనితో రోజూ తెలుగులో పోట్లాడేది, అతను రోజూ ఒడియాలో ఒట్టు వేసేవాడు. వంటగదిలో కొలత తప్పితే ఆ పూటకి జావ తాగి ఊరుకుంటాం. ఆ మార్పు నాన్న పని దగ్గరికి కూడా వస్తుందని మా ఇంట్లో ఎవరూ అనుకోలేదు.

కార్ఖానా యజమానిని అందరూ మాలిక్ అనేవారు. ఆయన ఒక రోజు కొత్త డ్రాయింగులు తెచ్చాడు. వాటి మీద అంగుళాలు లేవు, అంతా మిల్లీమీటర్లే. మిషన్లు, స్కేళ్ళు, కొలిచే పనిముట్లు మాత్రం పాతవే. మాలిక్ చెడ్డవాడు కాదు. ఎవరినో పిలిపించి నాలుగు ఆదివారాలు అందరికీ పాఠం చెప్పించాడు. ఇంగ్లీషులో అచ్చేసిన పట్టిక ఒకటి గోడకి అంటించాడు. ఆ సన్నటి అక్షరాలు నాన్న కంటికి ఆనేవి కావు. మొదటి పాఠం నుంచి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. తరవాత నన్ను పిలిచి చెప్పాడు. "అంగుళం రొట్టి లాటిదమ్మా. సగం సెయ్యొచ్చు, పావు సెయ్యొచ్చు, ఆ పావుని మల్లా సగం సెయ్యొచ్చు. ఈ మిల్లీమీటరు ఇసక లాగుంది. పట్టుకుంటే సేతికి ఆనదు."

నేను అప్పుడు ఆరో తరగతి. బళ్ళో కొత్త కొలతలు మాకు పాఠం. లెక్కల్లో నాకే ఎప్పుడూ మొదటి మార్కు. అంగుళానికి ఇరవై అయిదు పాయింట్ నాలుగు మిల్లీమీటర్లని గడగడా చెప్పాను. నాన్న నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "అయితే నాకో కాయితం రాసియ్యమ్మా. ఇటు సూతులు, అటు మిల్లీమీటర్లు. అచ్చరాలు పెద్దగుండాల," అన్నాడు. రెండు రోజులు పలక మీద గుణించాను. అర సూతు నుంచి మొదలుపెట్టి అర సూతు చొప్పున పెంచుకుంటూ మూడు అంగుళాల దాకా వేశాను. పాత క్యాలెండరు కాగితం వెనక సిరాతో ముందు సూతుల వరస రాసి, తరవాత మిల్లీమీటర్ల వరస ఎత్తి రాస్తున్నాను. మధ్యలో అమ్మ కేకేసింది, చేపల దగ్గరికి పిల్లి వచ్చిందని. పిల్లిని తరిమి వచ్చి మళ్ళీ కూర్చున్నాను. అయిదున్నర సూతుల ఎదురుగా పదిహేడున్నర అని రాయాలి, ఆరు సూతుల ఎదురుగా పంతొమ్మిది అని రాయాలి. అటుది ఇటు, ఇటుది అటు రాశాను. అప్పుడు నాకు తెలియదు. గంజితో అట్టకి అంటించి ఆరబెట్టి నాన్నకి ఇచ్చాను. ఆయన దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు.

నెల పైన ఆ అట్ట నాన్న క్యారేజీ సంచిలో కార్ఖానాకి వెళ్ళి వచ్చింది. ఏ ఇబ్బందీ రాలేదు, ఆ రెండు వరసలూ అవసరమయ్యే పని తగలలేదు గనక. నాన్న మిషను దగ్గర దానియేలు బాబాయి సాయంగా పనిచేసేవాడు. కొత్తగా పెళ్ళయినవాడు. వాళ్ళది కాకినాడ వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన క్రైస్తవ కుటుంబం. క్రిస్మస్‌కి మా ఇంటికి కేకు తెచ్చేవాడు, అమ్మ వాళ్ళకి అరిసెలు పంపేది. లేతు పని నాన్న దగ్గరే నేర్చుకుంటున్నాడు. "మీ నాయన ఆ అట్టని మిషను మీద దేవుడి పటంలాగ పెట్టుకున్నాడే," అని నాతో అన్నాడు ఒకసారి. నేను ఆ మాటకి ఎంత పొంగిపోయానో చెప్పలేను.

ఆ సోమవారం నాన్న పొద్దు ఉండగానే ఇంటికి వచ్చాడు. చేతులు కడుక్కోలేదు. నేను అరుగు మీద చదువుకుంటున్నాను. పక్కన కూర్చుని, "అమ్మా, పంతొమ్మిది మిల్లీమీటర్లంటే ఎన్ని సూతులు?" అని అడిగాడు. నేను పలక మీద వేసి, "ఆరు సూతులు నాన్నా. ముప్పావు అంగుళం," అన్నాను. తలాడించాడు. సంచిలోంచి అట్ట తీసి కాసేపు చూశాడు. ఆయన భుజం మీదుగా నేనూ చూశాను. పంతొమ్మిది ఎదురుగా అయిదున్నర అని నా గుండ్రటి రాతలో ఉంది. నాన్న నా మొహం చూశాడు. లేచి లోపలికి వెళ్ళి, అమ్మ అప్పుడే రాజేస్తున్న బొగ్గుల కుంపట్లో ఆ అట్ట పెట్టాడు. "అదేటి, పిల్ల రాసిందాన్ని కాల్సెత్తన్నావు?" అంది అమ్మ. "పాతదైపోయింది. ఇంక అక్కర్నేదు," అన్నాడు నాన్న.

సంగతి తరవాత చెప్పాడు. పంతొమ్మిది మిల్లీమీటర్ల పిన్నులు చెయ్యమంటే అర సూతు సన్నగా చెక్కేశాడు. మూడు రోజుల పని, పెట్టెలకి పెట్టెలు. సరుకు చూడటానికి రైల్వే తరఫున వచ్చిన మనిషి కొలిచి మొత్తం సరుకు వద్దన్నాడు. సన్నబడిన ఇనుమును మళ్ళీ లావు చెయ్యలేం. అమ్మ కుంపటి ముందు నుంచి లేచి నిలబడింది. "తాగి ఎల్లినావా?" అని అడిగింది. నాన్న తన మసి చేతులు చూసుకున్నాడు. "నిజం సెప్పు. తాగి ఎల్లినావు గదా? ఇరవయ్యేల్లు మిషను తిప్పినోడివి, కల్లు తాగకపోతే అర సూతు తేడా తెల్దా నీకు?" నేను గుమ్మంలో ఉన్నాను. నోరు తెరిచాను కూడా. నాన్న నా వైపు తిరిగి, "సరోజా, మంచినీల్లు ఇయ్యమ్మా," అన్నాడు. నేను నీళ్ళు తేవడానికి వెళ్ళాను. తెచ్చేసరికి అమ్మ ఏడుస్తోంది, నాన్న తల వంచుకుని కూర్చున్నాడు. ఇక చెప్పే సమయం దాటిపోయిందనిపించింది. ఆ తరవాత ప్రతి రోజూ అలాగే అనిపించింది.

మాలిక్ నాన్నని పంపెయ్యలేదు. లేతు మీంచి మాత్రం తీసేశాడు. ఆ మిషను దానియేలు బాబాయికి వచ్చింది. నాన్న అదే కొట్టంలో ఇనుప కడ్డీలు మోయడం, మిషన్ల కింద పడిన తురుము ఊడ్చి బస్తాలకి ఎత్తడం, ఆకురాయి పట్టి అంచులు నున్నగా చెయ్యడం, ఇవి చేస్తూ ఉండిపోయాడు. ఇంటికి వచ్చినప్పుడు ఆయన దగ్గర సబ్బు నీళ్ళ వాసన వచ్చేది కాదు, ఉత్త తుప్పు వాసన. చేతులు కడుక్కుంటూ ఆ రోజు పని గురించి చెప్పడం మానేశాడు. శనివారాల తాగుడు ఆ వారంతోనే మానేశాడు. అది కూడా అమ్మకి రుజువుగానే కనిపించింది. "బుద్ధొచ్చింది. ఏం లాభం, మిషను పోయాక," అనేది. చుట్టాలొచ్చినా అదే చెప్పేది, నా పెళ్ళి మాటలప్పుడూ చెప్పింది, ఆయన దగ్గుతూ మంచాన పడ్డప్పుడూ చెప్పింది. ఆమె మాటల్లో కోపంకన్నా బాధే ఎక్కువ ఉండేది. అంత పనిమంతుడు తన మొగుడని ఆమె గర్వం. ఆ గర్వాన్ని ఆయన చేజేతులా పారేశాడనుకుంది.

నేను లెక్కల టీచరునయ్యాను. ఇదే ఊళ్ళో ముప్పై ఏళ్ళకి పైగా పాఠం చెప్పాను. ప్రతి ఏడూ ఆరో తరగతి పిల్లలకి అంగుళాలు, మిల్లీమీటర్ల పట్టిక బోర్డు మీద వేసేటప్పుడు ప్రతి వరసనీ రెండుసార్లు సరిచూసేదాన్ని. మా టీచరమ్మకి ఎంత శ్రద్ధ అని పిల్లల తల్లిదండ్రులు మెచ్చుకునేవారు. నేను ఉద్యోగంలో చేరిన రోజు నాన్న అరుగు మీద పక్కింటివాళ్ళతో చెబుతుంటే విన్నాను. "మా సరోజ లెక్క తప్పదండి. సిన్నప్పట్నించీ అంతే." ఎగతాళి కాదు, దెప్పు అసలే కాదు. మనసులోంచే అన్నాడు. నేను లోపల గోడకి ఆనుకుని నిలబడ్డాను. బయటికి వెళ్ళి ఆయన కాళ్ళు పట్టుకుని ఉంటే ఏమయ్యేదో. వెళ్ళలేదు. ఆయన పోయిన రోజున కూడా ఆయన గోళ్ళ చుట్టూ ఆ నలుపు అలాగే ఉంది.

అమ్మకి మాత్రం చెప్పాను. ఆమె ఆఖరి రోజుల్లో, ఒక మధ్యాహ్నం, కమలాపండు తొనలు ఒలిచి నోట్లో పెడుతూ మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. పిల్లి, చేపలు, తారుమారైన వరసలు, కుంపటి, అన్నీ. అమ్మ నమలడం ఆపి విన్నది. తరవాత నా చెయ్యి నిమిరింది. "నాన్నంటే నీకు ముందు నుంచీ పేనం. ఆయన మీద మాట పడకూడదని ఇలగ సెప్తన్నావు. నాకు తెల్దా?" అంది. ఒట్టు పెట్టాను. "వద్దులే తల్లీ. సచ్చిపోయినోల్ల కోసం అబద్దమాడి పాపం మూటగట్టుకోకు," అంది. పది రోజులకి ఆమె పోయింది. నాన్న తాగి పని పాడుచేశాడనే నమ్మకంతోనే పోయింది. నేను ముందే చెప్పి ఉంటే నమ్మేదేమో. పలక చేతిలో ఉన్న ఆరో తరగతి పిల్లని నమ్మి ఉండేది. యాభై ఏళ్ళ మనిషిని నమ్మలేదు.

ప్లంబరు వచ్చి వెళ్ళిన మర్నాడు ఆటో ఎక్కి దానియేలు బాబాయిని చూడటానికి వెళ్ళాను. ఆయన కొడుకు హిజ్లీ వైపు ఇల్లు కట్టుకున్నాడు, బాబాయి అక్కడే ఉంటున్నాడు. దారిలో గోల్‌బజార్ జనంలో ఆటో చాలాసేపు ఆగింది. పక్కనే తలుపులు చేసే వడ్రంగి సాయానికి వచ్చినవాడితో "డేఢ్ ఇంచి" అని ఒకటిన్నర అంగుళం కొలత చెబుతున్నాడు. ఆటోలో నా పక్కనున్న ఆమె ఫోనులో పిల్లాడికి జ్వరం నూటరెండు అని చెబుతోంది. పెళ్ళిచూపులకి ఇప్పటికీ పిల్ల ఎత్తు అడుగుల్లోనే అడుగుతారు, టీవీలు అంగుళాల్లోనే అమ్ముతారు, మా వీధిలో స్థలం ఇక్కడి పాత కొలత కాఠాల్లోనే బేరమాడతారు. అంగుళం పోయిందని, ఇక రాదని ఆనాడు మా నాన్నకి చెప్పారు. అది ఎక్కడికీ పోలేదు. ఊరంతా హాయిగా రెండు కొలతలనీ వాడుకుంటోంది. ఏదో ఒకదాంట్లోకి పూర్తిగా మారిపోవాలని నిజంగా నమ్మి, పిల్ల చేత కాగితం రాయించుకుని, భయభక్తులతో మారబోయిన మనిషి ఈ ఊళ్ళో ఆయన ఒక్కడే అనిపించింది నాకు.

బాబాయికి తొంభై దగ్గర పడుతున్నాయి. మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చున్నాడు, కళ్ళు మసక, చెవులు మాత్రం బాగానే ఉన్నాయి. నా గొంతు గుర్తుపట్టి, "సరోజమ్మా! ఇన్నాల్లకి గుర్తొచ్చినానేటి?" అన్నాడు. కోడలు టీ తెచ్చి పెట్టి వెళ్ళింది. ఆ మాటా ఈ మాటా అయ్యాక నేనే నాన్న సంగతి ఎత్తాను. పాపం కొత్త కొలతలు ఆయనకి అంతుపట్టలేదు కదా బాబాయ్, అన్నాను. ఇన్నేళ్ళూ నన్ను నేను సముదాయించుకున్న మాట అది. ఆయనకి తెలియదు గనక కాగితాన్ని నమ్మాడు, ఆ కాగితం లేకపోయినా మరో రోజు మరో తప్పు జరిగేదే, అని.

బాబాయి తల అడ్డంగా ఊపాడు. "అంతుపట్టకపోవడమేటమ్మా? నాలుగు ఆదివారాల్లో అందరికన్నా ముందు నేర్సినోడు సన్యాసన్నే. నాకు నేర్పినాడు గూడా. పంతొమ్మిదంటే ఆరు సూతులని ఆ పిన్నులు మొదలెట్టిన పొద్దున్న ఆ నోటితోనే అన్నాడు. మొదటి పిన్ను తీసి ఏల్ల మధ్య పెట్టుకున్నాడు. సన్నంగుందిరా దానియేలూ అన్నాడు. మరి ఆపన్నా అన్నాను నేను. అట్ట తీసి సూసినాడు, నా ముందే. కాయితంలో అయిదున్నర అనుంది, నా సెయ్యే ముసిలిదైపోయుంటాది అన్నాడు. సదువుకున్న పిల్ల రాసింది, నాకన్నా దానికే బాగా తెలుసు అని మల్లా మిషను తిప్పినాడు."

నేను టీ గ్లాసు కింద పెట్టాను. "మరి మాలిక్‌కి నువ్వు చెప్పలేదా బాబాయ్? అమ్మకైనా చెప్పలేదా?" అని అడిగాను.

"సన్యాసన్న వద్దన్నాడు. పిల్ల పేరు బయటికి రాకూడదన్నాడు." బాబాయి దుప్పటి అంచు సర్దుకున్నాడు. "అదొక్కటే అయితే ఎప్పుడో ఒకప్పుడు సెప్పేసుందును. నాకు లేతు ఒచ్చింది గదమ్మా. ఇంట్లో కొత్త పెల్లాం, కడుపుతో ఉంది. సెప్తే మిషను మల్లా ఆయనకి పోద్ది. రోజూ నా మిషను కింద తురుము ఆయనే ఊడ్సేవోడు. నేను పని సేసుకుంటా ఉండేవోన్ని."

ఆయన కళ్ళు తుడుచుకోలేదు, నేనూ తుడుచుకోలేదు. ఆయన్ని ఓదార్చాలని గాని, నిందించాలని గాని నాకు అనిపించలేదు. వచ్చేటప్పుడు, "మల్లా ఎప్పుడొస్తావమ్మా?" అని అడిగాడు. వస్తానన్నాను. మళ్ళీ వెళ్ళలేదు. వెళ్తానని కూడా అనుకోవడం లేదు.

తెలియక నమ్మాడనుకున్నన్నాళ్ళూ ఎలాగో బతికాను. ఆయనకి తెలుసు. వేళ్ళు చెప్పాయి, బుర్ర చెప్పింది, పక్కనున్న మనిషి చెప్పాడు. ముగ్గురి మాటా కాదని నా మాట నమ్మాడు. దీన్ని చెప్పుకోవడానికి అమ్మ లేదు. ఉన్నా నమ్మదు.